మా అమ్మ బొట్టు పెట్టిన బోర్డు

చిన్నప్పటి వీడియోగేమ్ రిమోట్‌ను లాప్‌టాప్‌కు కలపడానికి చిన్న అడాప్టర్ ఒకటి తయారు చేశాను. బోధన్ నుంచి ఇవాళ అక్క వస్తోంది, అప్పట్లో తెగని పోటీ ఇప్పుడు తేల్చుకోవాలి. నిన్న ప్రోగ్రామ్ ఎక్కిస్తే చక్కగా పని చేసింది. పొద్దున చూస్తే, నేను బటన్ ముట్టుకోకుండానే తెర మీద హీరో ఒకటే ఎగురుతున్నాడు.

కోడ్ మొత్తం చదివాను. సగం చెరిపి కొత్తగా రాశాను. మళ్ళీ ఎక్కించాను. వాడు ఆగితే ఒట్టు! చివరికి విసుగొచ్చి అడాప్టర్ బోర్డును తిరగేస్తే, వైర్లు అతికించిన చోట తడి పసుపు, దాని మీద కుంకుమ.

"అమ్మా, దీనికి బొట్టెందుకు పెట్టినవ్?"

"కొత్త వస్తువు గదరా! మిక్సీకి పెట్టిన, నీ బండికి పెట్టిన. దీన్ని ఒక్కదాన్ని ఎట్ల ఇడిసిపెడ్త?"

మా నిజామాబాద్ పసుపు గొప్పదని తెలుసు గానీ, తడిపితే కరెంటును కూడా దాటిస్తుందని ఇవాళే తెలిసింది. పాత బ్రష్‌తో తుడిచి ఎండలో ఆరబెట్టాను. హీరో బుద్ధిగా నిలబడ్డాడు.

సాయంత్రం అక్క వచ్చింది. ఆడిన ప్రతి ఆటా నేనే ఓడిపోయాను. అక్క పడీ పడీ నవ్వుతుంటే, అమ్మ వంటింట్లోంచే తీర్పు చెప్పింది.

"బొట్టు తుడిసినవ్. గందుకే ఓడినవ్."

అక్క రేపు కూడా ఉంటుంది. బొట్టు పెట్టించడానికి బోర్డు మీద కరెంటు పారని చోటు వెతుకుతున్నాను. ఎవరికైనా తెలిస్తే కింద కామెంట్లలో రాసి పుణ్యం కట్టుకోండి.