సరళక్క వెతికిన పేరు

ఈ పొద్దున మా కామారెడ్డి ఆఫీసులో ఎవరో టిఫిన్ డబ్బా మూత తీశారు. పుంటికూర, వెల్లుల్లి వాసన గుప్పుమంది. ఆ వాసన వస్తే చాలు, నాకు సరళక్క గుర్తుకొస్తుంది. నేను పనిచేసే కంటి ఆసుపత్రిలో కంప్యూటర్ల పనంతా ఒకప్పుడు ఆమే చూసుకునేది. ఒక చేత్తో పుంటికూర, జొన్నరొట్టె తింటూ, రెండో చేత్తో మౌసు కదిలించేది. "మౌసుకు కూర అంటుతది అక్కా" అంటే, "దానికి గూడ ఆకలైతది తియ్" అనేది. నాకు పని నేర్పింది ఆమె. నేనేమో తొందర మనిషిని, తిట్లు కూడా బాగానే తిన్నాను.

ఎల్లారెడ్డిలో మా ఆసుపత్రికి చిన్న శాఖ ఉంది. రోగుల వివరాలన్నీ హైదరాబాదులోని సర్వర్‌లో ఉంటాయి. ఇక్కడ పేరు కొట్టి వెతికితే అక్కడి నుంచి రావాలి. అప్పట్లో ఆ శాఖలో కొత్త ప్రోగ్రాం పెట్టిన మరునాడు నేనూ సరళక్కా అక్కడికి వెళ్లాం. వెంకవ్వ అనే ముసలామె రెండో కంటి ఆపరేషన్‌కు వచ్చింది, కార్డు పోగొట్టుకుంది. మొదటి ఆపరేషన్ మా దగ్గరే అయింది. అప్పుడు ఏదో మందు పడక ఆమెకు ఊపిరాడలేదు. ఆ మందేమిటో పాత రికార్డులో చూడనిదే ఆపరేషన్‌కు తీసుకెళ్లే కామారెడ్డి బండి ఎక్కించవద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. బండి మధ్యాహ్నమే బయలుదేరుతుంది.

పేరు తెలుగులో కొట్టాను. రాలేదు. మళ్లీ కొట్టినా రాలేదు. "నీ పేరు లేదవ్వా" అన్నాను. వెంకవ్వ తన కుడికన్ను చూపించి, "పేరే లేకుంటే గీ కన్ను ఎవలకు చేసిండ్రు బిడ్డా?" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, ఆమె నవ్వలేదు. "ఎడమ కన్ను మొత్తానికే కనవడ్తలేదు. మొన్న పొలం గట్టు మీద పడ్డ. మల్ల ఇంటికి పొమ్మంటరా?" అంది. సరళక్క రొట్టె పక్కన పెట్టింది. "లేదు అనకు రమ్యా, నాకు దొరకలే అను. లేదంటే ఆమె ఇంటికి పోతది. దొరకలేదంటే మనం ఇంకా వెతకాలె" అంది.

వరుసలో ఉన్న ఒక తాతను కార్డు అడిగి, ఆ నంబరుతో వెతికింది. వివరాలన్నీ వచ్చాయి, పేరు ఉండాల్సిన చోట మాత్రం అన్నీ ప్రశ్న గుర్తులు. పేర్లన్నీ పాడైపోయాయనుకున్నాను. "సేవ్ మాత్రం నొక్కకు" అంది సరళక్క. నొక్కితే ఆ ప్రశ్న గుర్తులే వెళ్లి అసలు పేరును చెరిపేస్తాయి. హైదరాబాదులో సర్వర్ చూసే అతనికి ఫోన్ చేసి అదే నంబరు చెప్పింది. "ఇక్కడ మంచిగనే ఉందక్కా, తెలుగులనే కనవడ్తుంది" అన్నాడతను. అంటే పేర్లు భద్రంగానే ఉన్నాయి, దారిలో చెడుతున్నాయి. మా కొత్త ప్రోగ్రాం పేర్లను ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే పాత పద్ధతిలో పంపుతోంది, తెచ్చుకుంటోంది. అందులో తెలుగు పట్టదు. నేను కొట్టిన వెంకవ్వ కూడా అక్కడికి చేరేసరికి ప్రశ్న గుర్తులైపోయింది. పేరు గడిని రానుపోను, తెలుగు అక్షరాలు కూడా పట్టే యూనికోడ్‌గానే చూడమని సరళక్క ప్రోగ్రాంలో మార్చింది. బయట డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు.

ఈసారి తెర నిండా వెంకవ్వలు వచ్చారు. ఇంటిపేరు, ఊరు అడిగి మన వెంకవ్వను పట్టుకున్నాం. పడని మందు పేరు అందులోనే ఉంది. డాక్టరుగారు చూసి తలూపారు. వెంకవ్వకు చదువు రాదు. అయినా తెర మీదికి వంగి "నేను యాడున్న?" అని అడిగింది. సరళక్క ఆమె వేలు పట్టుకుని పేరు మీద పెట్టింది. "గీడనే ఉన్న గదా, లేనంటరేంది" అని నన్నొక చూపు చూసి, కొంగు సర్దుకుని బండెక్కింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. బస్సులో కామారెడ్డి వచ్చేదాకా వాగుతూనే ఉన్నాను. సరళక్క చల్లారిన రొట్టె తింటూ వింది.

ఆమె ఇప్పుడు వేరే ఊళ్లో పనిచేస్తోంది. ఆమె కుర్చీలో నేను కూర్చుంటున్నాను. ఈ పొద్దున పుంటికూర వాసన ఇంకా పోకముందే ఒక పెద్దాయన వచ్చి, కౌంటరులో తన పేరు లేదన్నారని చెప్పాడు. నేనూ వెతికాను. నిజమే, రాలేదు. ఇంకో కుర్చీ ఆయన వైపు జరిపాను.

"కూసో బాపూ" అన్నాను. "నాకింకా దొరకలే."