మెచ్చుకోళ్లు తిన్న పిల్ల

మా వాళ్లలో ఎవరింటికి వెళ్లినా మంచినీళ్లకంటే ముందు మన ఒంటి మీద ఓ మాట వస్తుంది. "చిక్కిపోయావేంటే?" లేకపోతే "బాగా ఒళ్లొచ్చిందే!" ఈ రెండూ తప్ప మూడో పలకరింపు మాకు చేతకాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా నోళ్లు తలచుకుంటే నాకు రోత.

సాయిశ్రీ మా తమ్ముడు లక్ష్మీకాంత్ కూతురు. వాళ్లుండేది భవానీపురంలో. వాడికి మోటార్లు బాగుచేసే షాపుంది, భార్య కనకలక్ష్మి బ్యాంకులో క్లర్కు. చిన్నప్పుడు ఆ పిల్ల తిండిపుష్టి చూడముచ్చటగా ఉండేది. పామర్రులో మా అమ్మ దగ్గరికి వస్తే గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ నంజుకుంటూ తిని, వేళ్లు నాక్కుంటూ వంటింటి గడప మీదే కూర్చుని కబుర్లు చెప్పేది. లెక్కలంటే ప్రాణం. నవ్విందంటే వీధి చివరికి వినపడాల్సిందే.

పదమూడో ఏట ఓణీల ఫంక్షన్ చేశారు. ఆల్బమ్ వచ్చిన రోజు మా అమ్మ మాణిక్యమ్మ, ఆవిడ చుట్టూ ఇంకో నలుగురు చేరి, పేజీ తిప్పినప్పుడల్లా పిల్ల నడుము మీద వేలు పెట్టి చూపించుకుని నవ్వారు. "ఓణీ చాల్లేదర్రా, ఇంకో రెండు గజాలు కొనాల్సింది!" అందొకావిడ నోట్లో సున్నుండ కుక్కుకుంటూ. ఆ పొడి ఫొటో మీద రాలింది. పక్కనే నిలబడ్డ సాయిశ్రీ కూడా నవ్వింది. ఏం చేస్తుంది పాపం!

ఆ ఏడే అట్లతద్ది నోము పట్టింది. తెల్లవారకముందే లేచి పెరుగన్నం తిని, చంద్రుడు కనబడేదాకా ఉపవాసం ఉండి, ముత్తయిదువలకి అట్లు వాయనమిచ్చి తాను తినాలి. ఈ పిల్ల తెల్లవారుజామున తినాల్సింది తినలేదు, చంద్రుడొచ్చాక కూడా ఓ అట్టు ముక్క తుంచి వదిలేసింది. "ఎంత నిష్ఠో చూడండి! మొహంలో కళ ఎలా వచ్చిందో!" అని మా అమ్మ కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుంది. నడుము చూసి నవ్వినవాళ్లే బుగ్గలు పుణికారు.

తర్వాత శనివారాలు మొదలయ్యాయి. ఆపైన సోమవారాలు, ఏకాదశులు, కార్తీకమంతా ఒంటిపూట. పిల్ల తగ్గేకొద్దీ మెచ్చుకోళ్లు పెరిగాయి. ఎదిగే పిల్ల అన్నం మానేస్తుంటే దాన్ని భక్తి అనుకోవడం మా వంశానికే చెల్లింది. కనకలక్ష్మి కూడా ఫోన్ చేసి గొప్పగానే చెప్పేది. నాకు ఒళ్లు మండి అరిస్తే, "నీకెలాగూ దేవుడంటే లెక్కలేదు, దాన్నీ చెడగొట్టకు" అనేది మా అమ్మ.

ఇంటర్ మొదటి ఏడాదిలో సాయిశ్రీ కాలేజీ మెట్ల మీద కళ్లు తిరిగి పడిపోయింది. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందని, ఇలాగే ఉంటే ప్రాణానికే ముప్పని ఆసుపత్రిలో చేర్చుకున్నారు. ఇంటికి పంపాక గుణదలలో పిల్లల మానసిక వైద్యం చేసే డాక్టర్ హెలెన్ దగ్గరికి వెళ్లాం.

"కాస్త మనసు గట్టి చేసుకుని తినమని చెప్పండి డాక్టరుగారూ," అన్నాడు మా తమ్ముడు.

"మనసు గట్టిదేనండీ, అదే ఇబ్బంది," అందావిడ. "అందరికీ ఇలాగే మొదలవ్వదు. మీ అమ్మాయి విషయంలో మాత్రం, తినలేదు, అందరూ మెచ్చుకున్నారు. లావైపోతానన్న భయం కూడా కాసేపు తగ్గింది. ఈ వయసులో మెదడు ఇలాంటివి ఇట్టే పట్టేస్తుంది. మొదట్లో తినకూడదని తనే అనుకుంది. ఇప్పుడు కంచం కనబడగానే, తను ఆలోచించేలోపే మెదడు వద్దనేస్తోంది. సైకిల్ తొక్కేటప్పుడు మనం ఆలోచించి తొక్కుతామా?"

"మరి ఇప్పుడెలాగండీ?" అంది కనకలక్ష్మి.

"కొన్నాళ్లు ఏం తినాలో, ఎంత తినాలో మీరే నిర్ణయించండి. ఏడుస్తుంది, భయపడుతుంది, అయినా పక్కనే కూర్చోండి. తింటే కొంప మునగదని మెదడు మళ్లీ నేర్చుకోవాలి, అందుకు నెలలు పడుతుంది. ఉపవాసాలు పూర్తిగా బంద్. ఒంటి గురించి మంచైనా చెడైనా ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనకూడదు."

కనకలక్ష్మి సెలవు పెట్టి పూటపూటా పక్కన కూర్చుంది. పిల్ల పప్పన్నం గిన్నె విసిరికొడితే, మరకలు తుడిచి మళ్లీ కలిపి పెట్టేది. కొంచెం దారిలో పడుతోందనుకుంటుండగా అట్లతద్ది వచ్చింది. దాంతోపాటు పామర్రు నుంచి మా అమ్మా వచ్చింది.

"నోము మధ్యలో ఆపితే అరిష్టం. ఒక్క రోజుకేమవుతుందే?" అంది. మా తమ్ముడు షాపులో పనుందంటూ చెప్పులేసుకున్నాడు. వాడూ ఒక మగాడే! చివరికి, పూజ చేసుకుంటే చేసుకోనివ్వండి గానీ పిల్ల మాత్రం వేళకి తింటుందని కనకలక్ష్మి తేల్చి చెప్పింది.

సాయంత్రం ముత్తయిదువలు హాల్లో చేరారు. చంద్రుడింకా రాలేదు. కనకలక్ష్మి అందరి ముందే రెండట్లు కంచంలో పెట్టి కూతురి ముందుంచింది. సాయిశ్రీ నా వైపు వంగింది.

"తినాలనే ఉంది అత్తా. చెయ్యే రావట్లేదు," అంది.

తినాలని ఉందన్న మాట దాని నోట విని ఎన్నాళ్లయిందో! దాని భుజం ఆనుకుని కూర్చున్నాను. ముక్క తుంచింది. నమిలింది. కళ్లనీళ్లు కారుతుంటే ఇంకో ముక్క తుంచింది. అలా అట్టులో సగం అయింది.

"హమ్మయ్య, తింటోందర్రా!" అంది మా అమ్మ. "ఇంకేం, నెల తిరిగేసరికి బుగ్గలు బూరెల్లా పొంగుతాయి!"

అందరూ గొల్లున నవ్వారు. సాయిశ్రీ చేతిలో ముక్క కంచంలో పడిపోయింది.

నేను నోరు తెరిచేలోపే కనకలక్ష్మి లేచింది. పెళ్లయిన దగ్గర్నుంచి అత్తగారికి ఎదురు చెప్పని మనిషి.

"అత్తయ్యా, లేవండి. మీరూ లేవండమ్మా. అందరూ వెళ్లండి."

"వాయనం పుచ్చుకోకుండానా?" అందొకావిడ.

"అట్లన్నీ పట్టుకెళ్లండి. నా కూతుర్ని వదిలెయ్యండి."

మూతులు ముడుచుకుంటూ లేచారు. అంత అవమానంలోనూ ఒకావిడ అట్లు లెక్కపెట్టి మరీ కవర్లో వేసుకుంది. ఛీ! చివరగా మా అమ్మ నన్ను చూస్తూ, "నువ్వైనా చెప్పవేంటే?" అంది. నేను వాకిలి చూపించాను.

సాయిశ్రీ కంచం పక్కకి నెట్టలేదు. వాళ్ల మాటలు మెట్ల మీద ఇంకా వినబడుతూనే ఉన్నాయి.

"తలుపెయ్యమ్మా," అంది. "వాళ్లు కిందికి దిగిపోయాక తింటాను."