గోడలు లేని బ్యాంకు

జూలూరుపాడులో మా బ్రాంచి తలుపు తీయగానే ఎదురుగా కనిపించేది నా కుర్చీయే. లోపలికి వచ్చినవాళ్లు ఎవరైనా ముందు నన్నే అడుగుతారు. ఖాతా ఎందుకు ఆగిపోయిందని ఒకరు, కేవైసీ పోయినేడే ఇచ్చిన గదా మళ్లీ ఏందని ఇంకొకరు. ఏటీఎంలో పైసలు రాలేదు గానీ ఖాతాలో కట్ అయినయ్, ఎన్నడొస్తయ్ అని ఒకాయన. ఫోన్లో తప్పు నంబరుకు పంపిన, జర వాపస్ తెప్పియ్యి మేడం అని ఇంకో ఆమె. జవాబులన్నీ నాకు నోటికి వచ్చు. పొద్దున పూట కాస్త ఓపికగా చెబుతాను. మధ్యాహ్నం దాటేసరికి నా గొంతు నాకే పరాయిదిలా వినిపిస్తుంది. ఒకసారి ఇంట్లో మా ఆయన ఏం కూర వండుదామని అడిగితే, ‘రేపు రండి’ అన్నాను. ఆయన చాలాసేపు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆమె మొదటిసారి వచ్చింది అట్లాంటి ఒక మధ్యాహ్నమే. అడవి అంచున ఉన్న పల్లె మనిషి, కోయామె. నాకన్నా పదేళ్లు పెద్ద ఉంటుంది. తోడు వచ్చిన కోడలితో కోయలో మాట్లాడుతూ, నా వైపు తిరిగినప్పుడు మాత్రం తెలుగులోకి వచ్చేది.

“కరువు పని పైసలు పడలే మేడం” అంది.

ఉపాధి హామీ పనిని మా దగ్గర అందరూ కరువు పని అనే అంటారు. ఎండాకాలమంతా మట్టి తవ్విన కూలి అది. ఆమె ఖాతా తీసి చూశాను. నెలల తరబడి ఏమీ పడలేదు. ఆధార్ నంబరు కొట్టి చూస్తే సంగతి తెలిసింది.

“పైసలు పడుతున్నయ్ అక్కా. మా బ్యాంకుల కాదు, వేరే బ్యాంకుల.”

“నాకు వేరే బ్యాంకు లేదు.”

“ఉన్నది. ఎవరన్న నీతోని మిషను మీద వేలు పెట్టించుకున్నరా?”

ఆమె కోడలి వైపు చూసింది. ఇద్దరూ కోయలో ఏదో అనుకున్నారు.

“సంతల సిమ్ము అమ్మెటోడు పెట్టించుకున్నడు. ఒక్కసారి పడలేదని మల్లొకసారి పెట్టమన్నడు” అంది కోడలు.

ఆ రెండోసారి పెట్టిన వేలికి సిమ్ముతో సంబంధం లేదు. దాంతో ఆమె పేరు మీద ఫోన్లో నడిచే ఒక బ్యాంకులో ఖాతా తెరుచుకుంది. ప్రభుత్వం పంపే డబ్బు ఆధార్ చివరిగా ఏ బ్యాంకుతో కలిసిందో ఆ ఖాతాలోకే పోతుంది. ఈ మాట నేను ఎంతమందికి చెప్పానో నాకే గుర్తు లేదు.

“ఆ బ్యాంకు ఏడున్నది?” అంది ఆమె. “చండ్రుగొండలనా?”

“దానికి ఊరంటూ ఉండదు అక్కా. ఫోన్లనే ఉంటది.”

“గోడలు లేవా?”

“లేవు.”

“మరి నా పైసలు ఏడ పెట్టిండ్రు?”

సంతకానికి బదులు నిశానీ తీసుకుని, ఇకముందు వచ్చే కూలి మా బ్రాంచిలో పడేలా మార్చాను. అంతవరకే నా చేతిలో ఉంది. అప్పటిదాకా పడిన డబ్బు ఆ కనిపించని ఖాతాలోనే ఉండిపోయింది. దానికి ఆ బ్యాంకు ఏజెంటు దుకాణానికి పోవాలని చెప్పి, వెనకున్న మనిషిని పిలిచాను.

తర్వాత సంత జరిగిన రోజుల్లో ఆమె వస్తూనే ఉండేది. అరిచేది కాదు, ఎవరినీ తిట్టేది కాదు. నా బల్ల పక్కన గోడకు ఆనుకుని నిలబడి, నాకు ఖాళీ దొరికిందాకా చూసేది. అరిచేవాళ్లతో వేగడం నాకు అలవాటే. ఆమె మౌనంగా నిలబడితే మాత్రం సాయంత్రానికి నాకు భుజాలు నొప్పి పెట్టేవి.

ఏజెంటు దుకాణంలో ఏమైందో కోడలు చెప్పింది. మిషను మీద వేలు పెడితే ఎర్ర లైటు వస్తోందట. నేను ఆమె చేతులు పట్టుకుని చూశాను. ఏళ్లుగా మిరపకాయ కోసి, తునికాకు తెంపి, వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయాయి. గీతలన్నవే కనపడలేదు.

“ఓటీపీ వస్తే పని అయితదన్నడు” అంది కోడలు. “గని ఆ సిమ్ము ఏసిన ఫోను వాగుల పడ్డది మేడం. వానకాలంల దాటుతుంటే.”

వాడకుండా వదిలేసిన నంబరును కంపెనీలు కొన్నాళ్లకు ఇంకొకరికి ఇచ్చేస్తాయి. ఆ నంబరు ఇప్పుడు ఎవరి దగ్గరుందో చూద్దామని, అన్నం తినే వేళ నా ఫోన్‌తో కలిపాను. ఒక మగమనిషి ఎత్తాడు. వెనక బండి ఇంజను చప్పుడు. మాట సత్తుపల్లి వైపుది. లారీ నడుపుతాడట.

సంగతంతా చెప్పాను. ఆయన నిదానంగా విన్నాడు.

“అదా సంగతి. నెలనెలా మెసేజీలు వస్తున్నాయండీ, ఖాతాలో ఇంత డబ్బు ఉందని. మోసం అయ్యుంటుంది, వేలు పెట్టొద్దు అన్నారు మావాళ్లు. అందుకని వదిలేశాను.”

“మంచి పని చేసిండ్రు. ఆ బ్యాంకు ఏజెంటు నొక్కితే మీకు ఒక ఓటీపీ వస్తది. అది నాకు చెప్తే ఈమె పని అయిపోతది.”

ఇంజను చప్పుడు ఆగింది. బండి పక్కకు ఆపినట్టున్నాడు.

“మీరు బ్యాంకు నుంచి మాట్లాడుతున్నానన్నారు కదండీ?”

“అవును.”

“బ్యాంకు నుంచి అంటూ ఎవరు అడిగినా ఓటీపీ చెప్పొద్దని మీ బ్యాంకులవాళ్లే చెబుతారు కదండీ. నేనెలా చెప్పను?”

నా తల వెనక గోడ మీద అదే మాట రాసిన పోస్టరు ఉంది. దాన్ని అంటించింది నేనే. ఇన్నేళ్లుగా వచ్చినవాళ్లందరికీ నేను చెబుతున్నదీ అదే. ఎవరో ఒకరు ఆ మాట విన్నారు, గుర్తు పెట్టుకున్నారు. ఆ విన్నవాడు సరిగ్గా నాకే దొరికాడు.

“మీరన్నదే కరెక్టు. చెప్పకండి. నేను అడగకూడదు” అన్నాను.

“ఏమనుకోకండి” అన్నాడాయన.

ఫోన్ పెట్టేశాక ఆమె అడిగింది. “ఏమన్నడు?”

“చెప్పనన్నడు.”

“మంచోడేనా?”

“మంచోడే అక్కా.”

ఆమె తలూపింది. నా డబ్బా మూత తీసి ఆమె ముందుకు జరిపితే, ఇంత పెరుగన్నం చేతిలోకి తీసుకుని తింది.

ఇక మిగిలింది ఒకటే దారి. ఆధార్‌లో వేలిముద్రలు కొత్తగా ఎక్కించాలి. మా ఊళ్లో ఆధార్ కేంద్రం మిషను రిపేరుకు పోయి అప్పటికి చాలా రోజులు. రెండో శనివారం మాకు సెలవు. భద్రాచలం దవాఖానాలో ఉన్న మా చిన్నమ్మను చూడడానికి నేను ఎట్లాగూ పోవాలి. అక్కడా ఆధార్ కేంద్రం ఉంది కాబట్టి ఆమెను నాతో రమ్మన్నాను. రమ్మన్నాక, సెలవు రోజు కూడా ఇదే పనా అని నా మీద నాకే విసుగు పుట్టింది. ఆ మాట దాచుకోవడంలో అర్థం లేదు.

ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, కండక్టరు ఆమె ఆధార్ కార్డు చూసి సున్నా టికెట్ కొట్టిచ్చాడు. ఆమె ఆ కార్డును ముందూ వెనకా తిప్పి చూసి, “బస్సుల నడుస్తది, బ్యాంకుల నడవదు” అంది. ఫిర్యాదు చేస్తున్నట్టు లేదు, ఉన్న సంగతి అన్నట్టుగానే అంది. దారంతా కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూనే ఉంది. గోదావరి వంతెన మీదికి వచ్చేసరికి నాకు నిద్ర పట్టింది. ఆమే నన్ను తట్టి లేపింది.

కేంద్రం దగ్గర పెద్ద వరుస ఉంది. ఆమెను అక్కడ నిలబెట్టి దవాఖానాకు పోయి వచ్చినా, వరుస పెద్దగా కదల్లేదు. లోపల కూర్చున్న అమ్మాయి ముఖం చూస్తే నా ముఖం నేను చూసుకున్నట్టే అనిపించింది. పొద్దున్నుంచి అవే మాటలు చెప్పీ చెప్పీ ఆ పిల్ల పెదాలు ఎండిపోయాయి. అయినా విసుక్కోలేదు. తడిగుడ్డతో ఆమె వేళ్లు ఒక్కొక్కటే తుడిచి, కాస్త నూనె రాసి, మళ్లీ తుడిచి, మిషను మీద పెట్టి తన చేత్తో అదిమింది.

“మిర్చి కోతలు అయిపోయినయా పెద్దమ్మా?” అని అడిగింది.

“అయినయ్.”

“జర మంచిదే. చేతులకు రెస్టు దొరికితే ముద్ర వస్తది.”

ఫోన్ నంబరు దగ్గర కోడలి నంబరు ఎక్కించింది. కొన్ని రోజులు ఆగాలని చెప్పింది. ఆ మాట నేను జనానికి చెప్పేదే. ఆ రోజు వినే వైపు నిలబడ్డాను.

ఆగాం. ఒక సంత రోజు కోడలు ఫోన్ తెచ్చి మెసేజి చూపించింది. ముద్రలు మారాయి. బల్ల మీద ‘ఇప్పుడే వస్తాను’ అన్న బోర్డు పెట్టి, వాళ్లతో పాటు ఏజెంటు దుకాణానికి నడిచాను. కుడిచేతి వేళ్లలో ఒక్కటీ పడలేదు. దుకాణమతను వద్దులే అన్నట్టు చూశాడు. ఆమె ఎడమ చెయ్యి చాపింది. ఉంగరం వేలికి పచ్చ లైటు వచ్చింది.

ఇచ్చిన డబ్బు ఆమె నడుముకున్న గుడ్డసంచిలో పెట్టుకుంది. సంబరపడుతుందేమో అని చూశాను. ఆమె అక్కడే దుకాణం మెట్టు మీద కూర్చుని, మోకాళ్ల మీద తల వాల్చుకుంది. కోడలు నీళ్ల సీసా ఇస్తే తాగింది. చాలా దూరం నడిచి వచ్చిన మనిషి ఎట్లా కూర్చుంటుందో అట్లా కూర్చుంది.

“ఈ బ్యాంకు బంద్ చెయ్యి” అంది దుకాణమతనితో. అతను ముందు ఖాతాలో పాత ఫోన్ నంబరు తీసి కోడలిది పెట్టాడు. తర్వాత బంద్ చేయడానికి దరఖాస్తు పెట్టాడు. నేను నా కుర్చీకి తిరిగి వచ్చేసరికి నా కోసం జనం ఎదురు చూస్తున్నారు.

నెల దాటాక ఒక ఆదివారం పొద్దున లారీ ఆయన ఫోన్ చేశాడు.

“మెసేజీలు ఆగిపోయాయండీ. ఆవిడకి డబ్బులు అందాయా?”

“అందినయండీ.”

“హమ్మయ్య. నేను చెప్పకపోవడం వల్ల ఆగిపోయిందేమోనని ఒకటే ఇదిగా ఉండింది.”

మీ తప్పేం లేదన్నాను. ఆయన మొహమాటంగా మొదలుపెట్టాడు.

“మీరు బ్యాంకులోనే కదండీ. నాదొక డౌటు. టోల్‌గేటు దగ్గర ఒకే బండికి రెండుసార్లు డబ్బులు కట్ అయ్యాయి. ఎవరిని అడగాలో తెలియట్లేదు.”

పొయ్యి మీద పాలు ఉన్నాయి. వాటిని దించి, స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఏ రోజు కట్ అయ్యాయో మొదటి నుంచి నిదానంగా చెప్పమన్నాను.