గ్రంథసూచిలో మా బాపు

బోధన్ చెరుకు రైతుల మాటలపై పీహెచ్‌డీ చేశాను. గ్రంథసూచి ఏ పద్ధతిలో రాయాలో తేల్చుకోవడానికే నెల పట్టింది. చివరికి రచయిత పేరు ముందు వచ్చే పద్ధతి ఎంచుకున్నాను. నిజామాబాద్‌లో డీటీపీ చేసే ఖలీల్ అన్న నా నోట్సులోని పేర్లన్నీ అక్షరక్రమంలో పేర్చి ఇచ్చాడు. నేను కామాలు దిద్దాను, పేర్లు చూడలేదు.

వైవాకు కోస్తా నుంచి వచ్చిన ప్రొఫెసర్ గారు 'బ' వరసలో వేలు పెట్టి ఆగారు.

"ప్రతి అధ్యాయంలో 'బాపు ప్రకారం' అని రాశావమ్మా. ఈయన పుస్తకం నాకెక్కడా దొరకలేదు. ఎవరీ రచయిత?"

మా వైపు నాన్నను బాపు అంటారని, నోట్సులో ఆయన చెప్పిన మాటల పక్కన అలాగే రాసుకున్నానని, అదే అధ్యాయాల్లోకీ వచ్చేసిందని చెప్పబోయాను. ఈలోగా వెనక వరసలో కూర్చున్న మా బాపు లేచాడు.

"నేనే సారూ. పుస్తకమైతే రాయలే. చెరుకు ఏసిన. వస్తే సూపిస్త."

ఎవరూ నవ్వలేదు. ప్రొఫెసర్ గారు ఏదో రాసుకున్నారు. సవరణలు చేయమని చెప్పి డిగ్రీ ఇచ్చారు. ఇప్పుడక్కడ బాపు ఇంటిపేరు, పేరు, 'ముఖాముఖి' అని పద్ధతిగా ఉన్నాయి.

నా గ్రంథసూచిలో చాలామంది పెద్దవాళ్లున్నారు. ఎవరని అడగగానే లేచి నిలబడింది మాత్రం బాపు ఒక్కడే.