దినాలైనాక వచ్చిన కురుమయ్య

1939 ఎండాకాలంలో కురుమయ్య భార్యనూ ఇద్దరు పిల్లలనూ వెంటబెట్టుకుని గద్వాల స్టేషన్లో దిగాడు. అప్పటికి అతను చనిపోయాడని ఊరివాళ్లు అనుకోబట్టి ఎనిమిదేళ్లు దాటింది. ఆ సంగతి అతనికి తెలియదు.

ఈ కథ నాకు చెప్పింది అతని కూతురు పుష్పమ్మ. ఆ రోజు ఆమెకు ఆరేళ్లు. నాకు చెప్పేటప్పటికి డెబ్బై దాటాయి. కొన్ని ఆమె చూసినవి, కొన్ని తల్లి నోట విన్నవి. ఏది ఏదో ఆమే విడదీసి చెప్పేది.

కురుమయ్యది ధరూర్‌కు రెండు మైళ్ల అవతల, కృష్ణ ఒడ్డుకు దగ్గరి పల్లె. అన్న పేరు చెన్నయ్య. తండ్రి చిన్నప్పుడే పోయాడు. ఉన్నదంతా వానకు పండే రాళ్ల చెల్క ఒకటి. పందొమ్మిదో ఏట కురుమయ్య రాయచూరు నుంచి వచ్చిన ఒక మేస్త్రీ వెంట మట్టిపనికని బయల్దేరి, మద్రాసులో ఓడెక్కి రంగూను చేరాడు. 1930 వేసవిలో రంగూను రేవులో కూలీల గొడవలు లేచాయి. చాలామంది తెలుగువాళ్లు చచ్చిపోయారు. కురుమయ్యకు భుజం మీద కత్తిదెబ్బ పడింది. అతను నెత్తురు మడుగులో పడిపోవడం చూసిన తోటి కూలీ ఒకడు, దొరికిన ఓడెక్కి ఊరికి వచ్చి, “కురుమయ్య సచ్చిపోయిండు, నా కండ్లతోని జూసిన” అని చెప్పాడు. అతను అబద్ధమాడలేదు. చూసింది చెప్పాడు.

కురుమయ్య బతికాడు. దవాఖానలో పక్క మంచం మీదున్న విశాఖపట్నం వైపు మనిషి ఒకాయన అతన్ని తనతో బర్మాలోనే ఉన్న మోల్మేనుకు తీసుకుపోయి కలప కోతమిల్లులో పనికి పెట్టించాడు. రెండేళ్లకు తన కూతురు సింహాచలాన్నిచ్చి పెళ్లి చేశాడు. కురుమయ్యకు చదువు రాదు. ఇంటికి రెండు కార్డులు రాయించాడు. జవాబు రాలేదు. మూడోది రాయించలేదు.

1938లో అక్కడ మళ్లీ కొట్లాటలయ్యాయి. మిల్లులో మనవాళ్లను ఒక్కొక్కరినే మాన్పిస్తూ వచ్చారు. మామ అప్పటికే పోయాడు. కురుమయ్య ఒక పెద్ద రంపం, రెండు ట్రంకు పెట్టెలు, భార్య, పుష్పమ్మ, మూడేళ్ల కొడుకు, వీటితో విశాఖపట్నంలో దిగాడు. సింహాచలం మేనమామ రేవులో పని చూపిస్తానన్నాడు గానీ, ఆమె రెండేళ్ల పిల్లగా ఓడెక్కిన మనిషి. అక్కడివాళ్లకు ఆమె గుర్తులేదు, ఆమెకు వాళ్లు గుర్తులేరు. నాలుగు రోజులు చూసి, “నీ ఊరెల్లిపోదాం మావా. ఆల్లయినా నిన్ను గురుతుపడతారు” అంది.

బెజవాడ, గుంటూరు, ద్రోణాచలం, కర్నూలు, అన్నిచోట్లా బండ్లు మారారు. నిజాం ఇలాకాలోకి రాగానే సుంకం జవాను పెట్టెలు తెరవమన్నాడు. సింహాచలం ఒక పెట్టెలో నప్పి జాడీ దాచి తెచ్చింది. నప్పి అంటే బర్మాలో చేపల్ని ఊరబెట్టి చేసే ముద్ద. ఎండకు జాడీ మూత లేచింది. జవాను ముక్కు మూసుకుని, తెరిచిన పెట్టె తనే మూసి, రెండోది చూడనే లేదు.

గద్వాలలో ధరూర్ పోయే ఎడ్లబండి దొరికింది. సగం దారి పోయాక బండాయన అడిగాడు.

“ఎవరింటికి పోతున్రు?”

“చెన్నయ్య ఇంటికి. నేను తమ్ముణ్ణి.”

“చెన్నయ్యకు తమ్ముడు లేడు గదా. ఒకడు ఉంటుండె. రంగూన్ల సచ్చిపోయిండు.”

కురుమయ్య “దినాలు గూడ చేసిన్రా?” అన్నాడు.

“చెయ్యకుంట ఎట్లుంటరు? నేను బువ్వ తిన్న గూడ.” అని, ఏదో తట్టి బండాయన ఎడ్లను ఆపాడు. వెనక్కి తిరిగి కురుమయ్య మొహం వంక చూశాడు. పాదాల వంక చూశాడు.

సింహాచలానికి ఆ చూపు అర్థమైంది. “మనిషే బాబూ. ఏడేల్లు కాపరం సేసినాను, నాకు తెల్దా?” అంది.

“మా అమ్మ ఎట్లున్నది?” అన్నాడు కురుమయ్య.

బండాయన చెర్నాకోల చేతిలో తిప్పుకుంటూ, “ముసలమ్మ పోయింది. నీ దినాలైన యాడాదికి” అని చెప్పాడు. ఆ తర్వాత ఊరొచ్చేదాకా తండ్రి తన చెయ్యి గట్టిగా పట్టుకున్నాడని, నొప్పిగా ఉన్నా తను లాక్కోలేదని పుష్పమ్మ చెప్పింది.

చెన్నయ్య ఇంటి ముందర గోడకు మట్టి మెత్తుతున్నాడు. తమ్ముణ్ణి చూడగానే గుర్తుపట్టాడు. చేతులకు మట్టి అలాగే ఉంది. దగ్గరికి రాలేదు. చెన్నయ్య భార్య కిష్టమ్మ లోపల్నుంచి వచ్చి, మరిదిని చూసి గడప పట్టుకుని నిలబడింది. కాసేపటికి తేరుకుని, ఎవరినీ ఏమీ అడక్కుండా సింహాచలం చంకలోని పిల్లవాణ్ణి తన చంకలోకి తీసుకుంది.

చెన్నయ్య అన్న మాట ఒక్కటే. “ఒక్క కారటు ముక్క రాయకపోతివి.”

“రెండు రాయించిన అన్నా.”

“మాకు రాలె.”

చేతులు కడుక్కుని లోపలికి పోయాడు.

మర్నాడు కులపెద్ద వెంకటయ్య నలుగురిని కూడగట్టాడు. దినాలు చేసిన మనిషి మళ్లీ వస్తే ఎలా కలుపుకోవాలో అక్కడెవరికీ తెలియదు. ఒకరొకటన్నారు, ఇంకొకరొకటన్నారు. చివరికి వెంకటయ్య తెంచి చెప్పాడు. కురుమయ్య మూడు రోజులు చెల్కలో గుడిసె వేసుకుని ఉండాలి. నాలుగో నాడు కృష్ణ ఒడ్డున గుండు గీయించుకోవాలి. దినాలు చేసినవాడే నెత్తిన నీళ్లు పోసి మూడుసార్లు పేరు పెట్టి పిలవాలి.

అప్పుడే ఒకాయన సింహాచలం వైపు తిరిగి పేరడిగాడు. చెప్పింది.

“సింహాచలమా? అది ఆడోళ్ల పేరా?”

“మా కొండ దేవుడి పేరు. మావ పేరేటి మరి? మీ కొండ దేవుడిది కాదా?” అంది.

కురుమూర్తి గుట్ట దేవుడి పేరే కురుమయ్యకు పెట్టింది. వెంకటయ్య నవ్వి, “నిజమే చెప్పింది. ఇద్దరివీ గుట్ట పేర్లే” అన్నాడు. కులం సంగతి అడగబోయినవాళ్లు ఆ నవ్వు మీద అడగడం మరిచిపోయారు.

నాలుగో నాడు చెన్నయ్య ఏటికి వచ్చాడు. నీళ్లు పోశాడు. “కురుమయ్యా” అని మూడుసార్లు పిలిచాడు, అవతలి ఒడ్డున ఉన్నవాణ్ణి పిలిచినట్టు. అయ్యాక చెంబు ఒడ్డున పెట్టి ఇంటికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత కూడా తమ్ముడితో మాట్లాడలేదు. చెల్కలో వేసిన గుడిసెలోనే కురుమయ్య కాపురం పెట్టాడు. వద్దని చెన్నయ్య అనలేదు, ఇంటికి రమ్మనీ అనలేదు.

సింహాచలం పుట్టెడు వానలు కురిసే చోట పెరిగింది. జ్యేష్ఠం నడుస్తున్నా ఇక్కడ మబ్బు లేదు.

“ఈ ఊరికి వాన రాదేటి మావా?”

“వస్తది.”

“ఎప్పుడు?”

“వచ్చినప్పుడు.”

వరి అన్నం పండక్కే. జొన్నరొట్టె కొట్టడం ఆమెకు చేతకాలేదు. చేతిలో పగిలిపోయేది. కిష్టమ్మ పొద్దున్నే పనికి పోతూ గుడిసె దగ్గర ఆగి నేర్పేది. “పిండిల నీళ్లు జర వేడిగుండాలె. గట్ల ఒత్తకు, తట్టు” అనేది. అన్నదమ్ములు మాట్లాడుకోకపోయినా తోడికోడళ్లు మాట్లాడుకునేవారు. “మా యారాలు నోట్లె నిప్పు పెట్టుకుంటది” అని వాడంతా చెప్పింది కిష్టమ్మే. సింహాచలం వాళ్ల వైపు ఆడవాళ్లలాగే చుట్ట అంటించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పొగ తాగేది. అది చూడటానికి నాలుగు రోజులు ఆడవాళ్లు వరసగా వచ్చారు. ఆమె చుట్టలు చుట్టడం చూసి, ఐదో రోజు నుంచి ముసలివాళ్లు పొగాకు తెచ్చి చుట్టిమ్మని అడగసాగారు. మాట యాస అర్థం కాక మొదట్లో నవ్వినా, చుట్టల కోసం వచ్చి కూర్చున్నవాళ్లు మెల్లగా ఆమె మాటకు అలవాటుపడ్డారు.

పుష్పమ్మ, ఆమె తమ్ముడు తమలో తాము బర్మా మాట మాట్లాడుకునేవారు. కురుమయ్య వద్దనేవాడు. సింహాచలం “పోనీ, ఆల్లకాల్లే మానుకుంటారు” అనేది.

కురుమయ్యకు తెలిసిన పని కోత. గద్వాల ప్రాంతంలో మిల్లు ఎక్కడుంది? ఊళ్లో కొయ్యపని చేసే వడ్లాయనతో మాట్లాడుకుని చెల్క అంచున నిలువెత్తు గుంట తవ్వాడు. గుంట మీద అడ్డంగా దుంగ పెడతారు. పైన ఒకడు, కింద ఒకడు నిలబడి రంపం లాగుతారు. కింద వెంకటన్న అనే అతను వచ్చేవాడు. బండ్లకూ తలుపులకూ పలకలు కోసి ఇచ్చేవారు.

రెండో ఏడు వానలు తగ్గాక వడ్లాయనకు పెద్ద తుమ్మ దుంగ ఒకటి వచ్చింది. తుమ్మను పచ్చి మీదే కోయాలి. ఎండితే రంపం దిగదు. సగం కోశాక వెంకటన్నకు చలిజ్వరం పట్టుకుంది. కురుమయ్య వాడలో నలుగురిని అడిగాడు. ఒకడికి పని ఉంది. ఒకడికి నడుము నొప్పి. మూడోవాడు ఉన్నమాట చెప్పాడు. “దినాలైనోని కింద గుంటల దిగాల్నంటే మా ఇంట్ల ఒప్పుకుంటలేరు.”

కురుమయ్య వచ్చి దుంగ మీద కూర్చున్నాడు. సింహాచలం సంగతి విని, చీర గోచీ పెట్టి, తలకు గుడ్డ చుట్టి గుంటలోకి దిగింది. “నాను లాగుతాను. ఎలాగో సెప్పు” అంది.

రెండు రోజులు లాగింది. రంపపు పొట్టు అంతా కళ్లలో పడేది. అరచేతులు బొబ్బలెక్కాయి. మూడో రోజు పొద్దెక్కాక చెన్నయ్య వచ్చాడు. కిష్టమ్మ ఇంట్లో ఏమందో తెలియదు. ఆమె ఎప్పుడూ చెప్పలేదు. అతను గుంట అంచున నిలబడి లోపలికి చూసి, మరదలితో మొదటిసారి మాట్లాడాడు.

“నువ్వు పైకి రామ్మా.”

ఆమె రంపం వదిలి పైకి వచ్చింది. చెన్నయ్య అంగీ విప్పి ఆమె పక్కన పెట్టి గుంటలోకి దిగాడు. మొదటి పది గుంజులూ వంకర పోయాయి. కురుమయ్య పైనుంచి చెప్పాడు. “గుంజేటప్పుడే బలం పెట్టు అన్నా. ఎత్తేది నాకిడువు.”

తర్వాత రంపం సాగింది. మధ్యాహ్నం కిష్టమ్మ రొట్టెలు తెచ్చింది. తిన్నారు, మళ్లీ దిగారు. పొద్దు వాలేలోపు పలక విడిపోయింది. చెన్నయ్య పైకి వచ్చి, కళ్లలోని పొట్టు అంగీతో తుడుచుకుంటూ కూర్చున్నాడు.

“దినాలైనంక గూడ అమ్మ రోజూ నీకు గిన్నెల జొన్న గటక తీసిపెడుతుండె” అన్నాడు. “ఎందుకమ్మా అంటే, వాడు తిన్నడో లేదో అనేది. పొద్దుగాల ఆ గిన్నె నేనే తినేటోణ్ణి. తిననీకి నాకు చాతకాకపోయేది.”

కురుమయ్య రంపం పళ్లకు నూనె రాస్తున్నాడు. నూనెగుడ్డ కింద పెట్టాడు.

“నిన్ను జూసినప్పటిసంది ఆ మాట నోటికొస్తుండె. చెప్పనీకి రాకపాయె” అన్నాడు చెన్నయ్య.

“మూడో కారటు రాయించకపోవుడు నా తప్పే అన్నా. మీరు యాది మరిచిన్రనుకున్న” అన్నాడు కురుమయ్య.

చెన్నయ్య అంగీ తొడుక్కుని, “రేపు ఇంకో పలక తీస్తమా?” అని అడిగాడు.

వెంకటన్నకు జ్వరం తగ్గాక కూడా చెన్నయ్య గుంట మానలేదు. పొలం పని లేని రోజుల్లో అన్నదమ్ములు కోసేవారు, ఉన్న రోజుల్లో వెంకటన్న దిగేవాడు. చుట్టుపక్కల ఐదారు పల్లెల దుంగలు అక్కడికే వచ్చేవి.

1942లో రంగూను మీద బాంబులు పడ్డాయని, మనవాళ్లు అడవుల్లో పడి నడిచి వస్తున్నారని గద్వాల నుంచి వచ్చినవాళ్లు చెప్పారు. వీళ్లు వచ్చేసినప్పుడు సింహాచలం తమ్ముడు ఒకడు మోల్మేనులోనే ఉండిపోయాడు. ఆమె ధరూర్ పంతులుతో కార్డు రాయించింది. చెన్నయ్యే గద్వాల నడిచిపోయి డబ్బాలో వేసి వచ్చాడు. ఏమీ రాలేదు. జవాబు వచ్చిందా అని రెండేళ్లు పంతులును అడిగి, తర్వాత అడగడం మానేసింది. ఆ తమ్ముడికి దినాలు చేద్దామని కిష్టమ్మ అంటే మాత్రం ఒప్పుకోలేదు.

1945 తర్వాత తుంగభద్ర ఆనకట్ట పనికి మనుషులను తీసుకుపోయే మేస్త్రీలు ఊరూరూ తిరిగారు. కోత పని తెలిసినవాడని కురుమయ్యను పెద్ద కూలీకి రమ్మన్నారు. పోలేదు. పోయేవాళ్లను వద్దని కూడా అనలేదు. అప్పటికి చెల్కలో గుడిసె తీసేసి, అన్న ఇంటి గోడకు గోడ కలిపి రెండు గదుల మట్టి మిద్దె కట్టుకున్నాడు. పుష్పమ్మకు గోపాల్‌పేటలో సంబంధం కుదిరింది. పిల్లవాడి తరఫువాళ్లు వచ్చి వివరాలడిగినప్పుడు చెన్నయ్యే కూర్చుని మాట్లాడాడు. సింహాచలం లోపల రొట్టెలు కొడుతోంది. అప్పటికి పగలకుండా వస్తున్నాయి.

చాలా ఏళ్లకు గద్వాలలో కరెంటు రంపం మిల్లు పెట్టారు. కురుమయ్య ఒకరోజు ప్రత్యేకం పోయి, గంటసేపు నిలబడి చూసి వచ్చాడు. ఎట్లున్నదని చెన్నయ్య అడిగితే, “కోత సాఫుగనే ఉన్నది. కాకుంటే పొట్టు ఎక్కువ పోతుంది” అని చెప్పి, కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు.