దసరా నాడు ఎగిరిన ఘోడా

కల్వకుర్తి దగ్గర మా ఊళ్లో తుపాకి గుండుకు అడవిపందులు పడ్డాయి, పొరపాటున ఒక మేకా పడింది. గుండు బయటికే రాకుండా మనిషి పరువును పడగొట్టిన ఘనత మాత్రం నా ఒక్కడిదే. నవ్వాలనిపిస్తే నవ్వండి. నాకు అలవాటే.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. పల్లిచేను కాపాడుకోవడానికి బాపు దగ్గర లైసెన్సున్న భర్మార్ తుపాకి ఉండేది. గొట్టం మూతి నుంచి మందు కూరి, వెనక రాగి టోపీ పెట్టి, మీట నొక్కాలి. ఘోడా అనే ఇనపముక్క దూకి టోపీని కొడితే నిప్పు పుట్టి మందు పేలాలి. మా ఘోడా వదులై, కల్లు ఎక్కువైనవాడిలా పక్కకు తూలి, టోపీ అంచు గీకి ఊరుకునేది. ఏటా దసరా నాడు బాపు ఒక్క దెబ్బ పేల్చాకే ఊరు జమ్మిచెట్టు పూజకు కదిలేది. అందుకని, "మల్లయ్య మామతోని బాగు చేయించుకరా" అని నన్ను పంపాడు.

మల్లయ్య మా ఊరి కమ్మరి. నన్ను చూసి తల కూడా ఎత్తలేదు.

"కూసో అల్లుడా. గీ విత్తే గొర్రు కర్రులు అయినంక చూస్త."

"నేను ముందుగాల వచ్చిన మామా!"

"తుపాకి ఆగుతది, విత్తనం ఆగదు. జర సైసు."

నా తర్వాత వచ్చిన ముగ్గురి పనులయ్యాయి. ఆ ముగ్గురి పేర్లు నాకింకా గుర్తే, అడిగితే వాళ్ల తాతల పేర్లూ చెబుతాను. నాలుగోవాడు రాగానే తుపాకి భుజాన వేసుకుని ఇంటికొచ్చేశాను. ఆకురాయి మా ఇంట్లో లేదా ఏం?

ఘోడా కూర్చునే ఇరుసుకు నాలుగు పలకలుంటాయి. ఒక పలక అరగదీశాను, ఎక్కువైంది. సమం చేద్దామని రెండోది. అమ్మ పొయ్యి మీది జొన్నగట్క దించేలోగా నాలుగు పలకలూ గుండ్రమయ్యాయి. బిగించే మర పళ్లు ఊడాయి. కిరసనాయిలు డబ్బా రేకు చుట్టి, ఘోడాను సుత్తితో దిగగొట్టి, పైన లక్క కరిగించి పోశాను. చూడటానికి పెళ్లికొడుకులా ఉంది.

"అయ్యిందా?" అన్నాడు బాపు.

"అయ్యింది బాపూ."

చూడండి, ఇందులో అబద్ధం లేదు!

దసరా సాయంత్రం ఊరంతా చేరింది. బాపు ఆకాశానికి గురిపెట్టి మీట నొక్కాడు. ఢామ్మనాల్సింది టింగుమంది. ఘోడా డప్పుల మీదుగా ఎగిరి, వెతుక్కుని పోయినట్టు మల్లయ్య మామ కాళ్ల దగ్గర పడింది. ఊరు ఊరంతా పగలబడి నవ్వింది.

"ఏం బావా! గిట్లనా చేసేది? ఊరి ముంగట ఇజ్జత్ తీస్తివి గదా!" అని బాపు అరిచాడు.

మల్లయ్య మామ ఘోడాను ఎత్తి, లక్కను చూశాడు, రేకును చూశాడు, ఆఖరికి నన్ను చూశాడు. అది నా పనేనని నేను ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు.

"తప్పయింది బావా. తొందర్ల చేసిన. పొద్దుగాల చేసిస్త" అన్నాడాయన.

ముప్పై ఏళ్లు కొలిమి ముందు కూర్చున్న మనిషి, నా కోసం ఊరి నవ్వంతా మోశాడు. మర్నాడు పొద్దున్నే వెళ్లాను.

"మామా, బాపుకు ఎందుకు చెప్పలే?"

"పండుగ పూట నీకు దెబ్బలెందుకని."

"అయితే ఇప్పుడు నువ్వన్న తిట్టు మామా."

"తిడితే నీ మనసు తేలికైతది. గా పని నేనెందుకు చేస్త?"

నన్ను అవమానించినవాళ్ల లెక్క నా దగ్గర చాలా పెద్దది. తిట్టకుండా వదిలేసిన మల్లయ్య మామ పేరే అందులో మొదటిది. బాపు పోయేదాకా నేను నిజం చెప్పలేదు.

కనుక ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఆకురాయి ముట్టను. ముట్టక తప్పకపోతే, చేసేది నేనేనని ముందు ఊరంతా చాటింపు వేయించి మరీ ముడతాను.