ఎత్తుకోవడానికి వీల్లేని నేలముక్క

2023 ఎండాకాలం, వేట నిషేధం రోజులు. ఆ రెండు నెలలూ సముద్రానికి సెలవు, వలలు బాగుచేసుకునే వాళ్లకు తీరిక, మాకు మాత్రం ఊపిరాడని పని. జువ్వలదిన్నె హార్బరుకు పోయే దారిలో నాది ఫైబర్ పడవల షెడ్డు. కొత్తవి కడతాం, పగిలినవి అతుకుతాం. నిషేధం ఎత్తేసే నాటికి తన పడవ సిద్ధంగా ఉండాలని ప్రతివాడూ నా నెత్తినెక్కి కూర్చుంటాడు. అందుకే ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ రోజుల్లోనే ఏం కర్మ, ఏడాదంతా అక్కడే ఉంటుందని మా ఆవిడ రమణమ్మ అంటుంది.

తెలియని వాళ్ల కోసం పని సంగతి కాస్త చెబుతాను. ఫైబర్ పడవకు ముందు మోల్డు ఉండాలి, అంటే అచ్చు. దాని లోపల మైనం పూస్తాం. మైనం మీద జెల్‌కోట్ వేస్తాం. పడవకు పైకి కనిపించే రంగు, నునుపు అంతా అదే. దాని మీద గాజుపీచుతో చేసిన మ్యాట్ పరిచి రెసిన్ అనే జిగురు పట్టిస్తాం. గట్టిపడ్డాక లాగితే అచ్చులోంచి పడవ ఊడి వస్తుంది. మైనం పూయడం మరిచామో, పడవ అచ్చుకు కరుచుకుపోతుంది. ఇక గొడ్డలి పెట్టి కొట్టినా రాదు. పడవా పోతుంది, అచ్చూ పోతుంది. మా పనిలో అంతకంటే పెద్ద తప్పు లేదు.

పడవ కొనడానికి వచ్చినవాడు ముందు దాన్ని అరచేత్తో నిమురుతాడు. చెయ్యి ఎక్కడా ఆగకుండా జారిపోతే పనివాడు మంచివాడని లెక్క. ఆ నిమురుడు చూసుకునే నేను ఇన్నేళ్లూ మురిసిపోయాను.

ఆ రద్దీలో ఒక ఉదయం ఎస్తేరు గారు వచ్చారు. బిట్రగుంట రైల్వే కాలనీలో పెరిగిన మనిషి, నర్సు. మద్రాసులో చదువుకోవడంతో ఆమెకు అరవం బాగా వచ్చు. ఆ అరవమే ఆమెను శ్రీలంక ఉత్తరాన ఉన్న తమిళ పల్లెలకు తీసుకుపోయింది. అక్కడ యుద్ధం ఆగిపోయి ఏళ్లు గడిచినా, నేలలో పాతిన మందుపాతరలు మాత్రం మిగిలే ఉన్నాయి. మనిషి అడుగు పడితే చాలు పేలే చిన్న రకం. ఒక సంస్థ వాళ్లు వాటిని వెతికి తీస్తూ ఉంటారు. అన్నీ తీసేదాకా ఎలా జాగ్రత్తగా మసలుకోవాలో ఈమె ఊరూరా తిరిగి పిల్లలకూ పెద్దలకూ చెబుతుంది. సెలవు మీద ఇంటికి వచ్చి, కొన్ని ఫొటోలు పట్టుకుని నా షెడ్డుకు వచ్చింది.

"అన్నా, ఇట్టాంటి బొమ్మలు కావాల. లోపలేమీ ఉండదు, ఉత్త ఫైబరే. పిల్లోళ్లకు చూపించి చెప్పేదానికి," అంది.

"మందుపాతర బొమ్మలు చేస్తే పోలీసులు నన్ను తీసకపోరా?"

"స్టేషన్లో కాగితాలు చూపించి, చెప్పే వచ్చినా."

"నేను పడవలు చేసేవాణ్ణి తల్లీ, బొమ్మలోణ్ణి కాదు," అన్నాను. నా మాట ఇంకా పూర్తి కాలేదు, వెనకనుంచి రమణమ్మ అందుకుంది. "అరచెయ్యంత పని. అడిగింది పిల్లోళ్ల కోసం. చేసియ్యవయ్యా." మా ఇంట్లో తీర్పులు అలాగే వస్తాయి.

ఒప్పుకున్నాక సగం సగం పని చేయడం నాకు చేతకాదు. ఫొటోలు చూసి అచ్చులు తీశాను. ఆకుపచ్చ, మట్టిరంగు, బూడిదరంగు జెల్‌కోట్లు కలిపాను. బఫ్ పట్టి, మైనం రుద్ది మెరిపించాను. వారం తిరక్కుండానే బల్ల మీద వరసగా పెట్టి, ఆమె ఏమంటుందా అని చూశాను. ఆమె ముఖం వాడిపోయింది.

"బాగుండాయన్నా," అంది. ఒకదాన్ని తిప్పి చూసి, "మరీ బాగుండాయి. అక్కడ నేలలో ఉండేవి ఇంత శుభ్రంగా ఉండవు. వానలకు నాని, ఎండకు పగిలి, మురికి పట్టి ఉంటాయి. పాతబడినట్టు కనపడాల," అంది.

నాకు చుర్రుమంది. మెరుపు ఎక్కువైందని నా షెడ్డులో ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఏదో అనబోతున్నాను, అంతలో తన పడవ ఎందాకా వచ్చిందో చూసుకోవడానికి శీనయ్య వచ్చాడు. బల్ల దగ్గర ఆగాడు. గుండ్రంగా ఉన్న ఆకుపచ్చదాన్ని తీసి అరచేతిలో ఎగరేసి పట్టుకున్నాడు.

"ఏందన్నా ఇది, సున్నం డబ్బీ మాదిరుండాది? భలే నున్నగుండాదే. ఒకటి నాకియ్యి," అన్నాడు. మూత ఉందేమోనని గోటితో గీకి కూడా చూశాడు.

ఎస్తేరు గారు పక్కనున్న డబ్బా మీద కూలబడింది. రమణమ్మ మంచినీళ్లు ఇచ్చింది. అవి తాగాక అసలు సంగతి చెప్పింది.

"మొన్నటిదాకా బడిలో మేం బొమ్మల్ని పిల్లోళ్ల చేతికిచ్చి చూపించేవాళ్లం. ఒకరు చూసి ఇంకొకరికి అందించేవాళ్లు. ఒకరోజు రెండో తరగతి పాప ఒకటి పరిగెత్తుకుంటా వచ్చింది. టీచరమ్మా, మీ దగ్గర లేనిది నాకు దొరికింది అని రెండు చేతులూ చాపింది. అది బొమ్మ కాదు, నిజందన్నా."

"అయ్యో, ఆ పాపకేమన్నా అయిందా?" అని అడిగింది రమణమ్మ.

"మెల్లిగా నేలమీద పెట్టించినాం. వచ్చిన దారినే వెనక్కి నడిపించినాం. దేవుడు కాపాడినాడు, ఏమీ కాలా. మా వాళ్లొచ్చి దాన్ని అక్కడే పేల్చేసినారు. నేను తిడతానేమోనని ఆ పాప ఏడిచింది. నేనేం తిట్టేది? చేతిలో పెట్టి నేర్పినా, చేత్తోనే తెచ్చింది. బొమ్మ పాతగా ఉంటే చాలనుకోని మీ దగ్గరికి వచ్చినా. ఇప్పుడు ఈయన తీసి ఎగరేసేది చూస్తే అదీ చాలదనిపిస్తా ఉంది. వచ్చే నెల్లో నేను పోవాల. ఉత్త చేతుల్తో పోతే మళ్లీ ఆ పాత బొమ్మలే పిల్లోళ్ల చేతుల్లోకి పోతాయి."

శీనయ్య చేతిలోది బల్ల మీద పెట్టేసి, చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు. అది ఉత్త ఫైబరని వాడికీ తెలుసు.

ఆ రోజు మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు. చేత్తో నిమరాలనిపించేలా చేయడం తప్ప నాకు ఇంకో విద్య రాదు. ఆమెకు కావలసింది చూడగానే గుర్తుపట్టి చెయ్యి వెనక్కి తీసుకునే వస్తువు. ఎలా చేయాలా అని షెడ్డులో తిరుగుతుంటే మూలనున్న ఓ పాత అచ్చు కాలికి తగిలింది. ఎప్పుడో పనివాడు మైనం మరిచిపోతే పడవ ముక్క కరుచుకుపోయిన అచ్చు అది. పారేయలేక ఉంచాను. దాన్ని చూసి నాలో నేనే నవ్వుకున్నాను. మైనం పూయకపోతే సరి.

మర్నాడు ఎస్తేరు గారిని పిలిపించాను. "బొమ్మను విడిగా ఇయ్యను. నేలతో కలిపి ఇస్తా. ఎత్తుదామన్నా రాదు," అన్నాను. ఆమెకు ఇట్టే అర్థమైంది. "నేల మనదే సరిపోతుందన్నా. అక్కడి ఊళ్లు అచ్చం మన ఊళ్లే. ఇసక, తాటిచెట్లు, ఉప్పునీళ్ల కాలవ, వలలు," అంటూ తనే గంప తీసుకుని కాలవ గట్టుకు పోయి ఇసక, ఎండు గడ్డి, తాటాకు ముక్కలు ఏరుకొచ్చింది.

వెడల్పాటి పళ్లెంలా మ్యాట్ పరిచి రెసిన్ పట్టించాను. అది తడిగా ఉండగానే, మైనం గీకేసిన బొమ్మను సగం దాకా అందులో కుక్కాను. మీద ఇసక చల్లాను, గడ్డి అద్దాను. మెరుపంతా ఉప్పుకాగితంతో గీకి చంపేశాను. నా పేరు నేనే చెరుపుకుంటున్నట్టు ఉండి ప్రాణం ఉసూరుమంది. రమణమ్మ పక్కన నిలబడి, "ఇన్నాళ్లకు నీ పని గీతలు పడ్డ నా గిన్నెల మాదిరి అయింది," అని ఎగతాళి చేసింది.

ముక్క ఆరేలోగా మాటల్లో ఒక ఒప్పందం సంగతి వచ్చింది. ఈ రకం మందుపాతరలు ఇక వాడబోమని, తయారు చేయబోమని, దాచుకోబోమని, నేలలో ఉన్నవి తీసేస్తామని చాలా దేశాలు కలిసి రాసుకున్నాయట. శ్రీలంక ఆలస్యంగానైనా చేరిందట. మన దేశం ఇంకా చేరలేదట, సరిహద్దుల దగ్గర అవి అవసరమని చెబుతారట.

"కాగితం మీద రాసుకుంటే భూమిలోది బయటికొస్తాదా అమ్మా?" అన్నాను.

"రాదన్నా. మనుషులు మోకాళ్ల మీద కూచోని జానెడు జానెడు గీకి తీస్తేనే వస్తాది. ఆ కాగితం ఉంది కాబట్టే ఆ మనుషులకు జీతమూ యంత్రాలూ వస్తా ఉండాయి. కొత్తది పాతేవాడికి నలుగురిలో సిగ్గూ వస్తాది."

తీసే వాళ్లలో సగానికి పైగా ఆ ఊళ్ల ఆడవాళ్లేనని కూడా ఆమె చెప్పింది.

ముక్క సిద్ధమయ్యాక, షెడ్డు నుంచి మా ఇంటికి పోయే కాలిబాట పక్కన ఇసకలోకి దించి, అంచులు కప్పేసి, మేమిద్దరం పనిలో పడ్డాం. అక్కడ పెట్టామని రమణమ్మకు చెప్పలేదు. మధ్యాహ్నం అన్నం క్యారియర్ పట్టుకుని వస్తూ అది కనపడగానే, నా చేతిపనేనని తోచక నిలబడిపోయింది. నేను లేచి ఎదురెళ్లబోయాను.

"ఏమయ్యా, ఇటు రాబాక. ఆడే ఉండు," అని గట్టిగా కేకేసింది. తన అడుగులు చూసుకుంటూ, వచ్చిన దారినే వెనక్కి తగ్గింది.

ఎస్తేరు గారు కళ్లు తుడుచుకుంది. "ఇదేనక్కా, ఇదే కావాల నాకు," అంది. సంగతి తెలిశాక రమణమ్మ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అన్నం చల్లారిపోయింది, అయినా కడుపునిండా తిన్నాను.

పడవలను పక్కన పెట్టి మిగతా ముక్కలూ చేసిచ్చాను. శీనయ్య పడవ ఆలస్యమైంది. విచిత్రం, వాడు ఒక్క మాట అనలేదు.

తర్వాత ఆమె అప్పుడప్పుడు ఫోన్ చేసేది. ముక్కలను బడి పక్క గడ్డిలో దించి, పిల్లల్ని వరసగా నడిపిస్తారట. కనపడగానే ఆగడం, మిగతా వాళ్లను ఆపడం, వచ్చిన దారిన వెనక్కిపోయి పెద్దవాళ్లకు చెప్పడం. ఎవరి చేతికీ ఏదీ ఇవ్వరు. ఒకసారి కట్టెలకు పోయిన పిల్లలు నిజమైనదాన్నే దూరంనుంచి చూసి, వెనక్కి వచ్చి చెప్పారట. ఆ రోజు నేను షెడ్డులో అందరికీ టీ తెప్పించాను.

ఈ మధ్య కొన్ని దేశాలు ఆ ఒప్పందం నుంచి తప్పుకుంటున్నాయని వార్తల్లో విన్నాను. పెళ్లి మీదికి వచ్చిన వాన మాదిరి దిగులేసింది. కానీ మళ్లీ వేట నిషేధం రోజుల్లోనే, మొన్న ఎస్తేరు గారు వచ్చారు. చంకలో గోనెపట్ట చుట్టిన పలక. విప్పితే నేను చేసిన ముక్కే. అంచులు చిట్లి, ఇసక అక్కడక్కడా రాలి ఉంది. విమానాశ్రయంలో అధికారులు కాగితాలన్నీ చదివి కూడా దాన్ని ముట్టుకోవడానికి జంకారట. అంతకంటే మెప్పు ఏం కావాలి?

మా పనిలో సరుకు తిరిగి రావడమంటే తలవంపులు. నా ముఖం చూసి ఆమెకు అర్థమైంది.

"లోపమేం లేదన్నా. మిగతావి వేరే ఊళ్లలో పని చేస్తా ఉండాయి. ఆ ఊళ్లో మాత్రం అంతా తీసేసినారు. పొలాలు, కాలవ గట్టు, అన్నీ జనానికి అప్పజెప్పేసినారు. అక్కడ ఇంక దీంతో పన్లేదు."

ముక్కను తిప్పి చూపించింది. వెనక వైపు రంగు పెన్సిలుతో అరవ అక్షరాలు. రమణమ్మ పుట్టిల్లు తమిళనాడు అంచునున్న తడ. అరవం చదువుతుంది. దగ్గరగా పెట్టుకుని కూడబలుక్కుంది. "యాళిని అని రాసుండాది. ఎవరమ్మా?"

"చేతుల్లో పెట్టుకోని తెచ్చిన పాప, ఆ పాపే అక్కా. ఊరు అప్పజెప్పిన రోజు ఇది నేలలోంచి తీస్తా ఉంటే వచ్చి నిలబడింది. ఇప్పుడు ముట్టుకోవచ్చా టీచరమ్మా అని అడిగింది. ముట్టుకోమని చెప్పినా."

నేను ముక్కను ఒళ్లో పెట్టుకుని అలవాటు కొద్దీ అరచేత్తో నిమిరాను. ఇసక గరుకు, గడ్డి పరక, చిట్లిన అంచు. చెయ్యి అడుగడుగునా ఆగింది. ఇంతకంటే మంచి పని నా చేతుల మీదుగా జరగలేదు.